పచ్చ పొట్లం కాపలా

తైవాన్ తూర్పు కొండల్లో చరియ జారి రోడ్డు మూసుకుపోతే అందరికన్నా ముందు వెళ్లేది సర్వే బృందం. ఆ బృందానికి ముందు నడిచేది షుయ్‌లై. అతని భుజాన వేలాడే పాత ల్యాప్‌టాప్ రుబ్బురోలంత బరువు. ఒకసారి అది చేయిజారి బండమీద పడితే బండే రెండు ముక్కలైందని చెప్పేవాడు. ఆ ముక్కలు చూపించమంటే మాత్రం వరదకి కొట్టుకుపోయాయనేవాడు.

అలాంటివాడి కళ్లెదుటే సెక్షన్ అధికారిణి లియావ్‌గారు ఒక కొత్త ల్యాప్‌టాప్ తెచ్చి, తీసుకెళ్లి బృందంలో చిన్నవాడైన కున్‌హాయ్ చేతిలో పెట్టారు.

"ఇది పూర్తి ఉక్కుకవచమూ కాదు, ఇంట్లో వాడే పింగాణీ సామానూ కాదు, మధ్యరకం. వానలో, బురదలో వాడి చూడు. పనికొస్తుందంటే కొందాం."

కున్‌హాయ్‌కి నడుముకి తాడు కట్టుకోవడం నేర్పింది షుయ్‌లైయే. ఇప్పుడీ యంత్రం గెలిచిందా, ముందు నడిచేది దాన్ని మోసే కున్‌హాయ్. రోలు మోసుకుంటూ వెనక దేకేది తను.

"ఎత్తి చూడన్నా, దూదిపింజలా ఉంది," అన్నాడు కున్‌హాయ్.

"దూది వానలో తడిస్తే ఎంత బరువవుతుందో తెలుసుగా తమ్ముడూ."

మిట్టమధ్యాహ్నపు ఎండలో తెరమీద ప్రతి అక్షరం స్పష్టంగా కనబడింది. తడి చేతితొడుగులతో నొక్కినా మీటలు పలికాయి. నడుస్తుండగానే బ్యాటరీ మార్చినా ఆగలేదు. నడుమెత్తు నుంచి కంకరమీద పడేస్తే మూల కాస్త గీరుకుంది, అంతే. అది పగలనప్పుడల్లా షుయ్‌లై లోపల ఏదో పగిలేది. మధ్యాహ్నం బెంటో భోజనం డబ్బాలో వేయించిన మాంసం కూడా అతనికి గడ్డిలా తోచింది. కళ్లల్లో నిప్పులు పోసుకుని ఆ యంత్రాన్ని ఎంతసేపు చూశాడంటే, దాని ఫ్యాన్ వేడెక్కి తిరగడం తన చూపువల్లేనని కాసేపు నమ్మాడు.

దాని మూతమీద ఒక పచ్చ పొట్లం టేపుతో అతికించి ఉండేది. మొక్కజొన్న చిరుతిండి. 'బుద్ధిగా ఉండు' అని దాని పేరు. ఆ దేశంలో రైలు సిగ్నళ్ల గదిలోనైనా, ఆసుపత్రిలోనైనా యంత్రం ఉన్నచోట ఈ పొట్లం ఉండాల్సిందే. పచ్చదే ఉండాలి. పచ్చదీపం వెలిగితేనే కదా యంత్రం సవ్యంగా నడుస్తున్నట్టు. పసుపు పొట్లం పెడితే మొరాయిస్తుంది. ఇంజనీరింగ్ చదివినవాళ్లే ముందు నమ్ముతారు.

కున్‌హాయ్ టీ కోసం వెళ్లినప్పుడు షుయ్‌లై చేయి దానంతటదే కదిలింది. పచ్చది జేబులోకి పోయింది, తన సంచిలోని పసుపుది మూతమీదికొచ్చింది.

మర్నాడు కుండపోత. పైమలుపులో టార్పాలిన్ కింద కొత్త ల్యాప్‌టాప్‌తో కున్‌హాయ్ కూర్చోవాలి. కొండలో పాతి, దాని కదలికని కొలిచే పరికరాలు పంపే గీతని చూస్తుండాలి, గీత పైకి లేస్తే ఈల వెయ్యాలి. కింద చరియ మొదట్లో కొలతకి పాతిన చువ్వలు సరిచెయ్యాల్సింది షుయ్‌లై, ఇద్దరు కూలీలు.

పార ఎత్తాక గాని షుయ్‌లైకి వెలగలేదు. ఆ యంత్రం మొరాయించాలని తనే పసుపుది పెట్టాడు. ఇప్పుడు తన మెడ దాని చేతిలో ఉంది.

పైనుంచి ఒక గులకరాయి దొర్లింది. జేబులో పచ్చ పొట్లం కరకరమంది.

"ఏంటన్నా, వణుకుతున్నావ్?" అన్నాడొక కూలీ.

"చలి."

"ఆగస్టులోనా?"

షుయ్‌లై పార పాతేసి పైకి ఎక్కడం మొదలెట్టాడు. కడుపు బాగోలేదని రేడియోలో చెప్పాడు. "పొదలు కిందే ఉన్నాయి కదన్నా, పైకెందుకు?" అని రేడియోలో కున్‌హాయ్ అడిగితే దాన్ని కట్టేశాడు. బురదలో మూడడుగులు ఎక్కితే రెండడుగులు జారాడు. కొండే తన కాళ్లు పట్టుకుని కిందికి లాగుతోందనిపించింది.

టార్పాలిన్ కింద కున్‌హాయ్ ఏదో నములుతున్నాడు. యంత్రం మీద వాన చినుకులు ముత్యాల్లా నిలిచాయి, తెరమీద గీత తిన్నగా పాకుతోంది. మూతమీద ఏ పొట్లమూ లేదు.

"పొట్లమేదిరా?" అన్నాడు షుయ్‌లై రొప్పుతూ.

"తింటున్నా. ఎవడో పసుపుది పెట్టాడు. పసుపుది తినడానికేగా. పొద్దున్నుంచీ ఏదీ లేకుండానే నడుస్తోంది."

షుయ్‌లై నోరు తెరిచేలోపు గీత లేచింది. కున్‌హాయ్ నోట్లోది ఊసేసి ఈల వేశాడు. కూలీలు పరిగెత్తారు. కొండ కడుపులోంచి ఒక మూలుగు వచ్చి, ఎద్దుబండంత రాయి దిగి, షుయ్‌లై పార పాతిన చోట కూర్చుంది. పార కర్ర కూడా కనబడలేదు.

సాయంత్రం లియావ్‌గారు వచ్చారు. కున్‌హాయ్ యంత్రాన్ని పొగడబోతే చెయ్యెత్తి ఆపారు.

"నీకు క్యాంటీన్ చారు కూడా బాగుంటుంది. షుయ్‌లై, నువ్వు చెప్పు. దాన్ని చూడ్డానికే ఓర్చుకోలేవు కదా, నువ్వు బాగుందంటేనే నమ్ముతా."

ఒక్కమాటతో దాన్ని ముంచెయ్యొచ్చు. గీరుకున్న మూలని చూపించొచ్చు. షుయ్‌లై కిందనున్న రాయిని చూశాడు. పగపట్టిన మనిషి నోటికి ఆ రాయి అడ్డంపడింది.

"పనికొస్తుంది మేడమ్," అన్నాడు, పన్ను పీకించుకున్నట్టు.

"అయితే కొంటున్నాం. ఇక ముందు కున్‌హాయ్ నడుస్తాడు."

మర్నాటినుంచి షుయ్‌లై రోలు మోసుకుంటూ వెనకే నడిచాడు. కడుపుమంట చల్లారిందని ఎవరన్నా అంటే అబద్ధం. కానీ రోజూ చరియ కిందికి దిగేముందు కున్‌హాయ్ యంత్రం మూతమీద తను తిరిగి అతికించిన పచ్చ పొట్లం ఉందా అని తడిమి చూసి, టేపు గోటితో గట్టిగా అదిమేవాడు.

కున్‌హాయ్ అది చూస్తూ ఒకరోజు జేబులోంచి ఒక పొట్లం తీసి చించాడు.

"తింటావా అన్నా? పసుపుదే. ఆ రోజు మూతమీదికి ఇది ఎక్కణ్ణించి వచ్చిందో నీకు తెలుసుగా."

షుయ్‌లై చెయ్యి చాపి గుప్పెడు తీసుకున్నాడు.