మోచెయ్యి ఆనే పరుపు

ఆదివారంలోపు కావాల్సిన పనులు: పాత పరుపు కుట్లు విప్పాలి. అణిగిపోయిన దూదిని ఎండబెట్టి, ఉండలు విడగొట్టి ఏకాలి. అడుగున కొబ్బరిపీచు దట్టించి, పైన దూది పరిచి, జానెడుకొక టాకా కుట్టు వెయ్యాలి. ఇవన్నీ పరుపుల మేస్త్రి మంచంలోంచి చెప్పినవి. ‘కంఫర్ట్’ అనే ఇంగ్లీషు మాట పుట్టుక రాసి ముగించాలి. ఇది నిఘంటువు ఆఫీసు పని. రెండూ మేస్త్రి కూతురి నెత్తినే ఉన్నాయి.

ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. నడుం పడిపోయిన తండ్రి కోసం, ఉద్యోగం రాగానే చెయ్యి పెడితే మునిగిపోయే ఫోమ్ పరుపు కొనుక్కొచ్చింది. ఆయన కుట్టుకున్న పరుపు అటకెక్కింది. ఆ రోజు నుంచి మూడు నెలలుగా ఆయన లేచి కూర్చోలేదు. జబ్బు ముదిరిందనుకుంది.

గురువారం ఆఫీసులో పెద్దాయన అడిగాడు. “ఏమ్మా, మాట పుట్టుక తేలిందా, ఇంకా పురిటి నొప్పులేనా?”

“తేలింది సార్. లాటిన్లో బలమివ్వడమట. మెత్తదనం చాలా తర్వాత వచ్చి చేరింది.”

“మరేమనుకున్నావు? సోఫాల వాళ్లు పుట్టించారనుకున్నావా?”

ఆమెకు నవ్వు రాలేదు. ఇంటికెళ్లి తండ్రి పక్కన కూర్చుంది.

“నాన్నా, నిజం చెప్పు. ఈ పరుపు బాగుందా?”

“బురదలో బర్రెలా ఉన్నాను తల్లీ. లేద్దామంటే చెయ్యి ఆనదు.”

“మరి ఇన్నాళ్లూ నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నావా?”

“అంత మురిపెంగా తెచ్చావు. ఎలా చెప్పను?”

ఆ రాత్రే పాత పరుపును అటక మీంచి దించి, ఆయన చెప్పిన పనులు వరసగా రాసుకుంది.

ఆదివారం ఆమె వేళ్లు సూదిపోట్లతో వాచాయి. “బిగించవే! పరుపు మీద జాలేంటి? కోడి గీకినట్టున్నాయి నీ టాకాలు,” అని ఆయన పడుకునే కసిరాడు. సాయంత్రం పక్కింటాయన సాయంతో పరుపు మార్చారు. మేస్త్రి ప్రతి పరుపునూ మోచేత్తో నొక్కి చూసేవాడు. మంచం చెక్క తగలకూడదు, మోచెయ్యి దిగబడకూడదు. దీన్నీ నొక్కాడు. నిలిచింది. ఆ మోచేతి మీదే బరువు వేసి, మెల్లగా లేచి కూర్చున్నాడు.

పదకొండు రోజులు తన చేత్తో తానే అన్నం తిన్నాడు. పన్నెండో రోజు పొద్దున పోయాడు. ఆయన కూర్చోగలిగిన మూడు నెలలను కూతురు ఫోమ్‌లో ముంచేసింది. అవి ఇక రావు.

ఆ మాట పుట్టుక నిఘంటువులో రెండు వరుసల్లో అచ్చయింది. అందులో మేస్త్రి పేరుకు చోటు లేదు. ఎప్పుడైనా మోచెయ్యి ఆన్చి పక్క మీంచి లేస్తే, దయచేసి ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి.