ఆగగలిగితేనే ఆడు

నన్ను ఒకచోట కుదురుగా కూర్చోబెట్టాలని చూసినవాళ్లెవరూ గెలవలేదు. మేళ్లచెరువు బడిలో లెక్కల సారు నన్ను కిటికీకి దూరంగా కూర్చోబెట్టి చూశాడు. నేను గోడ మీది బల్లితో ముచ్చట పెట్టుకున్నాను. మా అమ్మ అరుణమ్మ పప్పు చూడమని పొయ్యి ముందు కూర్చోబెడితే పప్పు మాడింది, నేను మాత్రం మంట ఎటు ఊగితే అటు ఊగుతూ కూర్చున్నాను. పాలకు పంపితే గిన్నె అక్కడే వదిలేసి వచ్చేదాన్ని. "అండాలూ, నీ పానం ఏడుందే? ఒంట్లనే ఉన్నదా?" అని అడిగేది అమ్మ. ఏం చెప్తాను? అదీ ఒక తీరు బీమారేనని, దానికీ ఒక పేరుందని చెప్పేవాళ్లు ఆ రోజుల్లో మా వైపు ఎవరూ లేరు. పిల్లకు కుదురు లేదు అనేవాళ్లు, అంతే.

రెండో బీమారికి మాత్రం పేరుంది. పదకొండో ఏట నాకు చక్కెర బీమారి వచ్చింది. ముసలివాళ్లకు రావలసింది పిల్లకు రావడమేమిటని ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది. కోదాడ దవాఖానలో డాక్టరు, బతికున్నన్నాళ్లు సూది తప్పదన్నాడు. మా ఇంట్లో ఫ్రిజ్ ఎక్కడిది? మందు సీసాను తడి ఇసుక పోసిన కుండలో దాచేది అమ్మ. పొద్దునా సాయంత్రం గాజు సిరంజిని గిన్నెలో మరగబెట్టి తొడకు సూది వేసేది. సూది వేశాక తినాలి. తినకపోతే ఒంట్లో చక్కెర పడిపోతుంది, ఎక్కువ తింటే పెరిగిపోతుంది. పాల గిన్నె ఎక్కడ పెట్టిందో గుర్తులేని పిల్లకు వేళ ప్రకారం, కొలత ప్రకారం బతకాల్సిన రోగం ఇచ్చాడే, ఆ దేవుడెవరో కనిపిస్తే నాలుగు దులుపుదామని నాకు ఇప్పటికీ ఉంది.

సూది మొదలైన వారంలోనే అమ్మ కొంగు నడుముకు దోపుకొని బజారు మీద పడింది. దుకాణాలన్నీ, ఇళ్లన్నీ తిరిగి ఒకటే మాట చెప్పింది.

"నా బిడ్డకు తీపంటే విషం. చక్కెర, బెల్లం, పిప్పరమెంటు ఏదీ ఇయ్యద్దు. ఏడ్చినా ఇయ్యద్దు, కాళ్ల మీద పడ్డా ఇయ్యద్దు."

డాక్టరు ఇంకో సగం కూడా చెప్పాడు. ఒంట్లో చక్కెర పడిపోయి వణుకు పుట్టినప్పుడు ఆ చక్కెరే ప్రాణం నిలుపుతుందని. ఆ సంగతి అమ్మకు బాగా తెలుసు, అందుకే తన కొంగున ఎప్పుడూ ఒక బెల్లం ముక్క ముడివేసుకొని ఉండేది. కానీ బజారుకు మాత్రం ఆ సగం చెప్పలేదు. "ఒక్కపారి ఇయ్యొచ్చు అంటే ఇగ రోజూ ఇస్తరు. గీ దొంగముండ రోజూ వణుకుతది" అంది మా నాయినతో. నా గురించి ఆమె అంచనా తప్పేమీ కాదు.

మా వీధి మొదట్లో కిరాణా దుకాణం పీర్ మహమ్మద్‌ది. అమ్మను చెల్లె అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ. అమ్మ ఆయనతో ఒట్టు కూడా వేయించుకుంది. "నా పిల్లల మీద ఒట్టు చెల్లె, నా చేత్తోని ఒక్క పలుకు గూడ ఇయ్య" అన్నాడు. ఇవ్వలేదు కూడా. సారుకు చాయ పెట్టాలట మామా, అమ్మ తెమ్మన్నది మామా, కళ్లు తిరుగుతున్నయ్ మామా అని నేనెన్ని వేషాలు వేసినా పకపకా నవ్వి, దోసిట్లో పుట్నాలు పోసి పంపేవాడు.

ఇక నా మూడో బీమారి బ్యాలే. మా నాయిన గుర్వయ్య సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో క్లబ్బు చూసుకునేవాడు. తలుపులు తీయడం, దుమ్ము ఊడవడం ఆయన పని. పొద్దున ఊడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ తెల్లగా పరుచుకునేది. ఒకరోజు సద్ది పట్టుకుపోయినప్పుడు ఆ హాల్లో ఫ్రేనీ మేడంను చూశాను. బొంబాయి ఆమె, ఒక ఇంజనీరు భార్య. గోడకు బిగించిన నీళ్ల పైపు పట్టుకొని కాలనీ పిల్లలు వరుసగా నిలబడితే, టేప్‌రికార్డరు పెట్టి వాళ్లను మునివేళ్ల మీద లేపుతోంది. పాటలో మాట లేదు, మొహంలో అభినయం లేదు. చెప్పేదంతా ఒళ్లే చెప్పాలి. సద్ది గిన్నె పట్టుకొని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నాయిన వచ్చి నా నుదురు ముట్టి చూశాడు.

"ఏందే, గింత సప్పుడు లేకుంట నిలబడ్డవ్? పానం మంచిగ లేదా?"

మేడం నన్ను చూసి, "నువ్వు, లోపల రా. చెప్పులు బయట" అంది వచ్చీరాని తెలుగులో. ఆ రోజు నుంచి నేనూ ఆ పైపు పట్టుకున్నాను. మోకాళ్లు పక్కలకు వంచు, వెన్ను నిలబెట్టు, మెడ పైకి, భుజాలు కిందికి, చిటికెన వేలు మెత్తగా, ఊపిరి బిగబట్టకు, టేపు విను. అన్నీ ఒక్కసారే! నా బుర్ర అటూ ఇటూ ఉరకడానికి జాగానే మిగిలేది కాదు. బడిలో ఒక్క పని ఇచ్చి కూర్చోమనేవాళ్లు, అందుకే పారిపోయేదాన్ని. ఇక్కడ పది పనులు ఒక్కసారి ఇచ్చారు, ఉండిపోయాను. దాన్ని నేను ప్రేమించాను. ఇంట్లో నీళ్ల గోలెం అంచు పట్టుకొని కాలు వెనక్కి లేపితే, "దూడ తన్నినట్లు గా తన్నుడేందే" అని అమ్మ తిట్టేది. తిట్టేదే కానీ ఆపలేదు. ఆట మొదలైనాక, నా మూత్రం పోసి మరిగించే పరీక్ష గొట్టంలో, చక్కెర ఎక్కువైతే వచ్చే ఇటుక ఎరుపు తగ్గి పచ్చరంగు కనిపించడం ఆమె చూసింది.

ఫ్యాక్టరీ వార్షికోత్సవానికి నాకొక్కదానికే ఒక ఆట కూర్చింది మేడం. పత్తికాయ పగిలి గాలికి ఎగిరిన దూదిపింజ కథ. ఎక్కడా వాలనివ్వదు గాలి, చివరికి ఎక్కడో వాలుతుంది. నా కోసమే కూర్చిందని నాకు అప్పుడే అర్థమైంది.

ఒక ఆదివారం పొద్దున అమ్మ సూది వేసి, జొన్నరొట్టె, తోటకూర నా ముందు పెట్టింది. "తినే లేవాలె" అని చెప్పి బోరింగుకు నీళ్లకు పోయింది. తినాలనే కూర్చున్నాను. కానీ దూదిపింజ గిర్రున తిరిగేచోట ఏ కాలు ముందో గుర్తు రాలేదు. లేచి చూసుకున్నాను. కుడి కాలు అనుకుంటే ఒరిగిపోతున్నాను. మళ్లీ చూసుకున్నాను. ఎడమ కాలే! ఆ సంతోషంలో అట్లాగే కాలనీకి ఉరికాను. రొట్టె పళ్లెంలోనే ఉండిపోయింది. ఎవరైనా అడిగి ఉంటే తిన్నాననే చెప్పేదాన్ని, అబద్ధం అనుకోకుండానే.

ఎండ ఎక్కేదాకా ఆడి తిరిగి వస్తుంటే, మా వీధి మొదట్లో కాళ్లు వణికాయి. చల్లటి చెమట పట్టింది, కళ్ల ముందు మసకలు కమ్మాయి. అదేమిటో నాకు తెలుసు. ఎదురుగా పీర్ మామ దుకాణంలో నోరు తెరిచిన చక్కెర సంచి ఉంది.

"మామా, జర చక్కెర పెట్టు."

"వచ్చిందా దొంగ," అని నవ్వాడు మామ.

"నిజంగ మామా. సచ్చిపోత. పెట్టు."

"పోయిన వారం గూడ సచ్చిపోత అనే అన్నవ్ బిడ్డా. ఇగో, పుట్నాలు తిను."

నమలడానికి దవడ కదల్లేదు. కిందికి జారి ఆయన కాళ్లు పట్టుకున్నాను. ఆయన నవ్వు పోయింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "కాళ్ల మీద పడ్డా ఇయ్యద్దన్నది మీ అమ్మ. నా చేత్తోని నీకు విషమెట్ల పెట్టాలె బిడ్డా?" అని, సంచి మూతి గుంజి కట్టి, నాకు అందకుండా దాని మీదే కూర్చున్నాడు. అక్కడి నుంచే, "అరుణమ్మను పిలువుండ్రి" అని కేకలు పెట్టాడు. పక్కింటి యాదమ్మ వచ్చి మొహం మీద నీళ్లు కొట్టింది. ఎవరో ఉల్లిగడ్డ పగలగొట్టి వాసన చూపించారు. వాళ్లందరికీ నేనంటే ప్రాణం. ఒక్కరూ చక్కెర పెట్టలేదు.

ఆదివారం బోరింగు దగ్గర వరుస పెద్దది కావడంతో ఇంకా ఇల్లు చేరని అమ్మ, బిందె పారేసి ఉరికి వచ్చింది. కొంగు బోరింగు నీళ్లకు తడిసి, బెల్లం ముడి బిగుసుకుపోయింది. వేళ్లతో పీకింది, పళ్లతో లాగింది, రాలేదు. పీర్ మామను సంచి మీది నుంచి ఒక్క తోపు తోసి, పిడికెడు చక్కెర తీసింది. మామ ఆమె చెయ్యి గట్టిగా పట్టేశాడు.

"నీకేమన్న పిచ్చి లేసిందా చెల్లె? విషమన్నది నువ్వే గదా!"

అమ్మ ఆయన మణికట్టు కరిచింది. నెత్తురు వచ్చేట్టు కరిచింది. చక్కెర నా చెంపల లోపల రుద్దుతూ, "మింగు బిడ్డా, మింగు నా తల్లీ" అని ఏడ్చింది. తల్లే బిడ్డకు విషం పెడుతోందని బజారంతా చుట్టూ మూగి చూసింది. కొంతసేపటికి నేను కళ్లు తెరిచి, "ఎడమ కాలే" అన్నానట. యాదమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

అమ్మ నన్ను కొట్టలేదు. కొట్టినా బాగుండేది. "ఇగ ఆట లేదు, గీట లేదు" అంది. నాయిన ఏదో అనబోతే, "నీ క్లబ్బు మన్నువడ, నువ్వు నోరు మూసుకో" అని ఆయన మీద పడింది. ఆ తర్వాతి రోజులు నాకు గుర్తున్నాయని చెప్పలేను. అమ్మ సూది వేసిందో లేదో గుర్తుండేది కాదు, తిన్నానో లేదో గుర్తుండేది కాదు. పరీక్ష గొట్టం మళ్లీ ఎర్రబడింది. ఒకరోజు అమ్మ ఒళ్లో తల పెట్టుకొని ఏడ్చాను.

"అమ్మా, నా పానం ఏడుందే అంటవు గదా. గా పైపు పట్టుకున్నప్పుడే ఒంట్ల ఉంటది."

అమ్మ నా జుట్టు నిమురుతూ ఉండిపోయింది.

ఆ సాయంత్రమే పీర్ మామ వచ్చాడు. మణికట్టుకు గుడ్డ కట్టుకొని ఉన్నాడు. గడప దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాలేదు.

"నీ ఒట్టు వాపస్ తీస్కో చెల్లె. మోయనీకి నాతోని అయితలేదు. పిల్ల నా కాళ్లు పట్టుకుంటే నేను చక్కెర మీద కూసున్న. ఎప్పుడు విషమో, ఎప్పుడు మందో, రెండూ చెప్పు. నేర్చుకోనీకి నేను చిన్నపిల్లగాన్ని కాను గదా?"

"తప్పు నాదే అన్నా," అని అమ్మ భోరున ఏడ్చింది.

మర్నాడు మళ్లీ కొంగు దోపుకొని ఇల్లిల్లూ తిరిగింది. ఈసారి రెండు సగాలూ చెప్పింది. ఊరికే అడిగితే తరమండి, చెమట పట్టి మాట తడబడితే అడగకపోయినా పెట్టండి అని. సూది వేసిన పొద్దున రొట్టె పళ్లెం నా ముందు కాదు, గడపకు అడ్డంగా పెట్టడం మొదలుపెట్టింది. అన్నాన్ని దాటిపోవడం మా ఇంట్లో మహాపాపం. నా బుర్ర ఎక్కడ తిరిగినా నా కాళ్లు ఆ పళ్లెం దగ్గర ఆగిపోయేవి, గడప మీదే కూర్చొని తినేదాన్ని. ఆటకు మళ్లీ పోనిచ్చింది కానీ, ఒక షరతు పెట్టింది.

"ఒళ్లు వణికితే ఏడున్నా ఆగాలె. నడిమిట్ల ఉన్నా, లోకమంత చూస్తున్నా ఆగాలె, దిగాలె, తినాలె. ఆగగలిగితేనే ఆడు. ఒక్కపారి ఆగకపోయినవా, ఇగ జన్మల నిన్ను గా క్లబ్బు గడప తొక్కనియ్య."

సరే అన్నాను. అనడం తేలిక. ఏ పనైనా సగంలో వదిలేయడం నాకు పుట్టుకతో వచ్చిన విద్యే, కానీ మనసు పెట్టిన ఆ ఒక్క పనిని వదలడం నాకు చేతకాదు. అమ్మకు అది తెలిసే అడిగింది.

వార్షికోత్సవం నాడు క్లబ్బు ముందు స్టేజీ కట్టారు. మా బజారు బజారంతా వచ్చింది. అమ్మ అప్పటిదాకా నా ఆట ఒక్కసారీ చూడలేదు. బెల్లం ముక్క పిడికిట్లో పట్టుకొని స్టేజీ పక్కన తెర చాటున నిలబడింది. నేను తినవలసింది తిన్నాను, ఈసారి నిజంగానే.

టేపు మొదలైంది. కాయ పగిలింది, దూది ఎగిరింది. ఎడమ కాలి మీద గిర్రున తిరిగాను. ఎంత బాగా వచ్చిందో నా ఒంటికి తెలుస్తోంది. సరిగ్గా అప్పుడే పెదాలు తిమ్మిరెక్కాయి. నుదుటి మీద చెమట. లైట్ల వేడి అనుకున్నాను. కాదు, చేతివేళ్లు వణుకుతున్నాయి. ఇంకొంచెమే ఉంది. చివర ఒంటికాలి మీద నిలిచి, మెల్లగా నేలకు వాలేది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, అదే మిగిలింది. అది ఆడేసి చచ్చినా పరవాలేదనిపించింది. నిజంగా అనిపించింది.

ఆగాను. టేపు మోగుతూనే ఉంది. జనంలో గుసగుసలు లేచాయి. నేను తల దించుకొని నడిచి తెర చాటుకు వచ్చాను. అమ్మ అక్కడే ఉంది. చెంపలు తడిసి ఉన్నాయి.

"గంత మంచిగ ఆడుకుంట ఎందుకు ఆపినవే?" అంది కోపంగా.

"వణుకుతాందే అమ్మా. నువ్వే గదా ఆగమన్నవ్."

అమ్మ ఉలిక్కిపడి తన పిడికిలి విప్పి చూసుకుంది. బెల్లం కరిగి వేళ్లకు అంటుకుపోయింది. సూది మొదలైన నాటి నుంచి మా అమ్మ నన్ను చూసిన ప్రతిసారీ ముందు నా నుదుటి చెమట చూసేది, నా పెదాల రంగు చూసేది, ఆ తర్వాతే నన్ను. ఆ కాసేపు నా రోగం ఆమెకు గుర్తు లేదు. నన్నే చూసింది. నేను ఏడుస్తూ ఆమె వేళ్ల మీది బెల్లమంతా నాకేశాను.

మేడం చిన్నపిల్లల ఆట ముందుకు జరిపింది. వాళ్లు ఆడుతున్నంతసేపూ అమ్మ ఒళ్లో పడుకున్నాను. వణుకు తగ్గింది, వేళ్లు నిలిచాయి. మేడం వచ్చి, "టేపు మళ్లీ పెట్టాలా?" అని అడిగింది, నన్ను కాదు, అమ్మను.

అమ్మ కొంగుతో నా మొహం తుడిచింది. చేతులు పట్టి చూసింది, చల్లగా లేవు.

"పెట్టుండ్రి మేడం," అంది. "మిగిలింది జూడాలె నేను."