చెక్కకు అటువైపు

"గంటె గూడ పట్కపోతవా? ఇగ కూర చెయ్యితోని కలుపుకోవాల్నా?" అన్నది మా అత్తమ్మ, నేను సంచి సర్దుకుంటుంటే.

పందొమ్మిది వందల నలభై తొమ్మిది వేసవి అది. బడికి సెలవులు. మిర్యాలగూడలో పది రోజులు బొమ్మలు గీయడం, చెక్క మీద చెక్కి అచ్చు వేయడం నేర్పుతారనీ, కుంచె పట్టనివాళ్లు కూడా రావచ్చనీ కబురొచ్చింది. అచ్చు వేసేటప్పుడు కాగితాన్ని రుద్దడానికి ఎవరి గంటె వాళ్లే తెచ్చుకోవాలట. నేను సూర్యాపేట బడిలో పంతులమ్మను, మా కూలి ఇళ్లలో బి.ఏ. చదివిన మొదటిదాన్ని. అయినా ఆ పది రోజుల కోసం ముందే కారం దంచి, పచ్చళ్లు పెట్టి, పిండి విసిరి, అప్పుడు గాని అడగలేకపోయాను.

"పో శాంతా. గని బొమ్మ కింద నా పేరు పెట్టు. తాలూకా కచేరీల నలుగురెరిగిన పేరు," అన్నారు మా ఆయన.

తల ఊపాను. ఆయన పేరు నేను పలకను. చర్చిలో బైబిలు పత్రిక, అంటే అపొస్తలుడు రాసిన ఉత్తరం, చదవాల్సి వస్తే రాసినాయన పేరు దగ్గర "అపొస్తలుడు" అని దాటేసేదాన్ని. ఆ అపొస్తలుడిదీ మా ఆయనదీ ఒకటే పేరు మరి.

మిర్యాలగూడలోని ఆ రేకుల షెడ్డు తలచుకుంటే ఇప్పటికీ సిరా, టేకు పొట్టు కలిసిన వాసన వస్తుంది. హైదరాబాదు నుంచి వచ్చిన ఆండాళు టీచర్ అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టింది. దుకాణాల బోర్డులు రాసే రామనర్సయ్య ఒక పక్క, గోడలకు ఎర్రమన్ను పూసే ముత్తమ్మ ఇంకో పక్క. ముత్తమ్మకు అక్షరం రాదు గాని, గీత గీస్తే చెయ్యి వణకదు.

నేను నడుము వంచి నాటు వేస్తున్న మా అమ్మను చెక్కాను. నన్ను చదివించిన నడుము అది. పేరు కోసం వేరే చిన్న చెక్క ఇచ్చారు. ఆయన పేరు శ్రద్ధగా చెక్కి, సిరా పూసి, గంటె వీపుతో రుద్ది కాగితం ఎత్తితే అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. అచ్చుకు తిరగేసి చెక్కాలన్న సంగతే మరిచాను.

ముత్తమ్మ తొంగిచూసింది. "ఏమని రాసినవమ్మా?"

కాగితం బోర్లా పెట్టబోయాను.

"గంత సదువుకున్నవంటవ్, సదవవేంది?"

"మా ఆయన పేరు."

"గాయినె చెక్కిండా?" అని పకపకా నవ్వింది. "మరి గీ వంగినామె ఎవలు?"

"మా అమ్మ."

"అయితె అమ్మ పక్కన బిడ్డ పేరుండాలె గదా!"

ఆ పూట అన్నానికి లేవలేదు. బడి హాజరుపట్టీలో కూడా నేను ఫలానా వారి భార్యనే. చెక్క తిప్పి వెనుకవైపు, ఈసారి తిరగేసి, నా పేరు చెక్కాను. శాంతకుమారి. తిన్నగా పడింది.

చివరి రోజు అందరి బొమ్మలూ గోడకు పెట్టారు. నన్ను తీసుకుపోవడానికి వచ్చిన మా ఆయన అందరి ముందే అడిగారు. "నా పేరేది?"

"చెక్కకు అటువైపు ఉన్నది," అన్నాను.

సూర్యాపేట బస్సులో ఆయన పోయి వేరే సీట్లో కూర్చున్నారు. ఇంటికి రాగానే గంటె తోమాను. వీపు మీది నల్లమరక పోలేదు.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు నన్ను పత్రిక చదవమన్నారు. లేచి పుస్తకం తెరిచాను. పత్రిక మొదటి మాటే ఆ పేరు.

"పౌలు," అని చదివాను.

ముందు వరుసలో ఆయన చటుక్కున తలెత్తారు. నేను తరువాతి మాటకు వెళ్లాను.