కోపంతో ఇస్త్రీ

పొద్దున్నే ఇస్త్రీ కొట్టు షట్టరు ఎత్తగానే యజమాని, అక్కడ పనిచేసే ఆమెను తిట్టడం మొదలుపెట్టేవాడు. తప్పేమీ ఉండనక్కర్లేదు.

"ఆ ఏడుపుగొట్టు మొహమేంటి? తిండి తినడం తప్ప ఇంకేం నేర్చుకున్నావ్?"

ఆమెకు ఒళ్ళు మండేది. కోపమొస్తే ఆమె అరచేతులు పెనంలా కాలతాయి. వెంటనే యజమాని చొక్కాల మూట ముందుకు తోసేవాడు. చేత్తో ఒకసారి రాస్తే చాలు, ముడతలు మాయం. కరెంటుతో పనే లేదు. బట్టలు తెచ్చేవాళ్ళు కూడా, "మొన్న కాలరు సరిగా రాలేదండీ, ఈసారి కాస్త గట్టిగా తిట్టండి" అని చెప్పి పోయేవాళ్ళు.

ఆమె తల్లి పోయి వారం తిరక్కముందే యజమాని పనికి రమ్మన్నాడు. ఏడ్చి ఏడ్చి ఆమె చేతులు చల్లగా ఉన్నాయి.

"నిన్ను భరించలేకే పోయుంటుంది మీ అమ్మ," అన్నాడు గడియారం చూసుకుంటూ.

ఆమె రెండు చేతులూ మూట మీద ఆనించి, మంట లేచేదాకా తీయలేదు. తర్వాత చెప్పులేసుకుని వచ్చేసింది.

"ఎక్కడైనా ఇంతేనే. సర్దుకుపోవాలి," అంది అక్క.

"సర్దుకుని సర్దుకునే ఇలా తయారయ్యానక్కా!"

హోటల్లో పని అడిగితే మేనేజరు, "ఇక్కడ మనమంతా ఒకే కుటుంబం" అని నవ్వాడు. నవ్వుతూనే, నేల తుడుస్తున్న ముసలాయన్ని కాలితో పక్కకు నెట్టాడు. ఆమె చెయ్యి పెట్టిన చోట బల్ల నల్లబడింది. మేనేజరు కళ్ళు మెరిశాయి.

"రేపే వచ్చెయ్!"

ఆమె వెళ్ళలేదు.

సందు చివర లాండ్రీ నడిపే ముసలావిడను అందరూ పెద్దమ్మ అంటారు. ఈమె పని అడగడానికి వెళ్ళిన సమయానికి అక్కడి పనివాడు ఓ చొక్కా మాడ్చేశాడు.

పెద్దమ్మ పరుగున వచ్చింది. "చెయ్యి కాల్లేదు కదరా?"

ఆ మాట వినగానే ఆమెకు ఎప్పుడూ రానంత కోపం వచ్చింది. కూర్చున్న బెంచీ నుంచి పొగ లేచింది.

"ఏమైందమ్మా?"

"ఇంత చిన్న మాట! ఇన్నేళ్ళలో నన్ను ఒక్కడంటే ఒక్కడు అడగలేదు," అంది పళ్ళు బిగించి. అలవాటుగా బట్టల మూట కోసం చేతులు చాచింది.

పెద్దమ్మ మూట పక్కకు జరిపి, బకెట్టు నీళ్ళు తెచ్చి పెట్టింది.

"ముందు చేతులు ముంచు. బట్టల సంగతి ఇస్త్రీపెట్టె చూసుకుంటుంది."

నీళ్ళు సలసలా కాగాయి. పెద్దమ్మ వాటిని పారబోసి మరో బకెట్టు తెచ్చింది. అవీ కాగాయి. ఇంకోటి తెచ్చింది. ఆ నీళ్ళు కాగలేదు.

ఆమె చేతులు తుడుచుకుంది.

"రేపు ఎన్నింటికి రమ్మంటారు, పెద్దమ్మా?"