ఇత్తడి పళ్ళెం హారతి

హారతి పళ్ళెం తెమ్మంటే లక్ష్మణ అరటిపళ్ళు తెచ్చాడు. మా కొట్లో తూకం వేసే మనిషి. పుట్టింది ఒడియాలో, బతుకుతున్నది తెలుగులో. ఏకంగా ఒక గెల భుజాన మోసుకొచ్చి, "సాలవా సావుకారూ, ఇంకోటి తెమ్మంటావా?" అని గుమ్మంలో నిలబడ్డాడు.

మామూలు రోజైతే ఆ గెల మీద పరాచికాలాడి నెల్లాళ్ళు గెలిచేవాణ్ణి. రాయగడ బజారులో నా గొంతు వినపడని మూల లేదు. చింతపండు కొనవచ్చినవాడి చింత తీసేసి పండు మాత్రం ఇచ్చి పంపుతానని పేరు. ఆ రోజు మాత్రం, "అక్కడ పెట్టు" అన్నాను. పెట్టాడు. వాడు విన్నదేమిటో, నేనన్నదేమిటో విప్పి చెప్పే ఓపిక కూడా లేకపోయింది.

మా కూతురు బుల్లి, మన్యం జ్వరంతో పోయింది. మైల తీరాక వచ్చిన మొదటి శుక్రవారం అది.

పిల్లని తీసుకెళ్ళిన దగ్గర్నుంచీ నా భార్య కన్యకాపరమేశ్వరి నోరు విప్పలేదు. ఏడవనూ లేదు. వండుతుంది, వడ్డిస్తుంది, పిలిస్తే చూస్తుంది. నేను మాటల వర్తకుణ్ణి కదా, నా సరుకంతా ఆమె ముందు కుమ్మరించాను. ఒక్కటీ ముట్టుకోలేదు. తరవాత నా కొట్టూ ఖాళీ అయిపోయింది.

పాటకైనా నోరు పెగులుతుందేమోనని మా అమ్మ అప్పమ్మ ఆశ. బుల్లి పోయిందని విని విజయనగరంలో మా అన్న ఇంటి నుంచి వచ్చి ఉండిపోయింది. మా ఇళ్ళలో శుక్రవారం గౌరీదేవి మంగళహారతి పాట ఇల్లాలే ఎత్తుకోవాలి. పేరంటాళ్ళు పల్లవి అందుకుంటారు తప్ప మొదలుపెట్టరు. మా అమ్మ విధవరాలు, పాడకూడదు. మగాళ్ళం ఆ వేళకి కొట్లో ఉంటాం. గోడ అవతలి పాట వింటూ బెల్లం తూస్తాం. పాట లేకుండా కర్పూరం కొండెక్కిందా, ఆ ఇల్లాలు మళ్ళీ ఏడాది దాకా హారతి పట్టకూడదు. ఈమె ఏడాది పాటు మాట్లాడకుండా ఉండిపోతే ఆ తరవాత మాట్లాడుతుందని నాకు నమ్మకం లేదు.

కన్యక తనే పళ్ళెం తెచ్చి ఎత్తింది. కర్పూరం వెలిగింది. పక్కింటి ఎస్టేటు గుమస్తాగారి భార్య జగదాంబా, మరో నలుగురూ చేతులు జోడించి కాచుకున్నారు. కన్యక పెదవులు కదిలాయి. శబ్దం లేదు.

"పాడమ్మీ," అంది మా అమ్మ. "ఒక్క ముక్క ఎత్తు, సాలు."

జగదాంబ మరో కర్పూరం బిళ్ళ వేసింది. అదీ కరిగిపోతోంది.

గుమ్మం దగ్గర్నుంచి నేనే అందుకున్నాను. ధైర్యం కాదు, భక్తీ కాదు. మంట చిన్నదవుతోంది, అంతే. గోడ అవతలి నుంచి విన్నది విన్నట్టు నోట్లోంచి వచ్చింది:

"ఇత్తడి పళ్ళెములోన ఈతపళ్ళే ఉన్నవమ్మ,
పసిడి మాకు లేదమ్మ, పస్తు నిన్ను ఉంచమమ్మ!"

పల్లవి ఎవరూ అందుకోలేదు.

"ఓరి మల్లేసూ! అమ్మోరి దగ్గరా నీ ఎటకారం?" అంది మా అమ్మ. "పసిడి పళ్ళెములోన పంచభక్ష్యములమ్మ అని గదరా పాట! మా అత్త కాలం నుంచీ అదే!"

"పిల్ల పోయిన ఇంట కూడా పరాచికాలేనా, మల్లేశ్వరరావుగారూ?" అంది జగదాంబ.

నేను తెల్లబోయాను. నాకు గుర్తున్న పాట అదొక్కటే. ఆ మాట అంటే నమ్మేదెవరు? నిజం చెప్పినా నవ్వడానికే అలవాటుపడ్డ ఊరు.

"ఆయన్నేమీ అనకండి."

గొంతు ఎవరిదో ముందు పోల్చుకోలేకపోయాను. కన్యక కళ్ళు మంట మీదే ఉన్నాయి. ఎత్తూ పల్లం లేకుండా, సరుకు ధర చెప్పినట్టు చెప్పింది.

"ఆ మాటలు బుల్లివి. నాను పసిడి పళ్ళెం అని పాడితే, 'మనది ఇత్తడి గదమ్మా, అమ్మోరికి అబద్ధం సెప్పొచ్చా?' అంది. ఇంట్లో ఏటుంటే అదే పెట్టి కట్టీసింది. పేరంటాళ్ళొస్తే పాతదే మెల్లిగా పాడీవోళ్ళం. మేవిద్దరవే ఉంటే గొంతెత్తి దాని పాట. ఈయన గోడ అవతల విన్నది అదే, అసలు పాట అనుకున్నారు. ఎటకారం కాదు అత్తమ్మా. ఇయాళ ఏది ఎత్తాలో తెలీకే నాకు నోరు రాలేదు."

జగదాంబ బిళ్ళ వెయ్యడం మరిచిపోయి చేతిలోనే పట్టుకుంది.

"వెయ్యండి," అంది కన్యక. "బుల్లి కట్టిన రెండో సరణం ఉంది. అది ఆయనకి రాదు. పల్లవందుకోండి."