రాయిదిమ్మ

బెల్లం చూడగానే రకం చెప్పేవాళ్లు అనకాపల్లి మార్కెట్లో వందమంది ఉంటారు. బెల్లం తెచ్చిన మనిషిని చూడగానే రకం చెప్పేవాడు మాత్రం తానొక్కడేనని ఈశ్వరరావు నమ్మకం. ముప్పై ఏళ్ల కమిషన్ వ్యాపారంలో అతనికి తేలిన లెక్క ఇది: కాటా అందరికీ ఒకటే గానీ మాట ఎవరికి తగ్గట్టు వాళ్లకి తూచి ఇవ్వాలి.

అందుకే మనుషులకి బెల్లం దిమ్మల పేర్లు పెట్టుకున్నాడు. ఇట్టే కరిగిపోయేవాడు నీరుదిమ్మ. వాడిని ముందు ఇంటి క్షేమం అడగాలి, ధర మాట తర్వాత. పొగడ్తకి పొంగేవాడు మెరుపుదిమ్మ, నక్కపల్లి పోతన్నలాంటివాడు. పదిమంది వినేలా వాడి సరుకు బాగుందంటే చాలు, అణా బేడా తేడా పట్టించుకోడు. ప్రతిదానికీ అనుమానపడే నూకరత్నం ఇసకదిమ్మ. ఆమెను కాటా దగ్గరే నిలబెట్టి అంకె ఆమె చేతే చదివించాలి. ఇక ఎస్. రాయవరం ఎర్రయ్య రాయిదిమ్మ. రాయికి మాటలు అనవసరం. కుర్చీ వేయాలి, మంచినీళ్లు ఇవ్వాలి, ధర చెప్పాలి, ఊరుకోవాలి.

ఈ పేర్లు కొట్టు గడప దాటేవి కావు. అతనికీ గుమాస్తా తాతబ్బాయికీ మధ్యనే ఉండేవి. పన్నెండేళ్ల కిందట పనిలో చేరినప్పుడు తాతబ్బాయి అందరితోనూ ఒకేలా మాట్లాడి నలుగురు రైతుల్ని పోగొట్టాడు. పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరితో ఎలా మాట్లాడాలో ఈశ్వరరావే నేర్పాడు. మొన్న దసరా వెళ్లాక తాతబ్బాయి, "నడుం పట్టేసింది బాబూ, ఇంక కాటా కాడ నిలబడలేను" అని కాళ్లకి దండం పెట్టి మానేశాడు. ఈశ్వరరావు కొత్త బట్టలు పెట్టి, ఆటో మలుపు తిరిగేదాకా వీధిలోనే నిలబడ్డాడు.

జనవరి వచ్చింది, కొత్త బెల్లం దిగే రోజులు. ఎర్రయ్య మొదటి బండి ఏ కొట్టు ముందు ఆగితే ఎస్. రాయవరం వైపు ఇరవై కుటుంబాలు ఆ కొట్టుకే వస్తాయి. ఆ రోజు ఎర్రయ్య వ్యాను దూరంగా కనబడగానే ఈశ్వరరావు లేచి కుర్చీ దులిపి వేశాడు. వ్యాను అతన్ని దాటిపోయింది. ఆరు కొట్ల అవతల, రంగు ఆరని కొత్త బోర్డు కింద ఆగింది. ఎదురొచ్చి, నడుం నొప్పి ఆనవాలైనా లేకుండా వంగి దిమ్మ ఎత్తినవాడు తాతబ్బాయి.

ఈశ్వరరావు గబగబా అక్కడికి నడిచాడు.

"నడుం తగ్గిందేటి?"

తాతబ్బాయి తడబడలేదు. "తగ్గింది బాబూ. రండి, కూకోండి."

"పన్నెండేళ్లు అన్నం పెట్టిన కొట్టు పక్కనే కొట్టు తెరుత్తావా? చెప్పి పోతే కాదనేవోడినా?"

"అనేవోరే బాబూ. ఎదురు సెప్తే మీకు కోపం. మీకే తోసినట్టు సెప్తే అంతా సుకం. ఇన్నేళ్లూ నేనలాగే సేసేను."

"ఏటి చేసేవు?"

"ఆదివారాలు రైతుల ఇళ్లకెళ్లి పలకరించి రమ్మని నన్ను తిప్పేరు కదా. ఆ సంగతి మూడు నెల్లపాటు మీ సెవినేసింది నేనే. ఆకర్న మీరు 'నాకో ఆలోచన వచ్చిందిరా' అన్నారు. 'మీ బుర్రే బుర్ర బాబూ' అన్నాను."

కాటా దగ్గర కూలీలెవరో కిసుక్కున నవ్వారు. పన్నెండేళ్లలో ఆ 'మీ బుర్రే బుర్ర' ఎన్నిసార్లు విన్నాడో ఈశ్వరరావుకి లెక్క అందలేదు. ఊరందరినీ రకాలు కట్టినవాడికి, తనకీ ఎవరో రకం కట్టి ఉంటారని ఒక్కనాడూ తట్టలేదు. మరి వెళ్లేరోజు పెట్టిన ఆ దండంలో అసలెంత, తరుగెంత?

అది తేల్చుకునే సమయం కాదు. వేలం పాట ఇంకా మొదలవలేదు. ఎర్రయ్య పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఈశ్వరరావు అతని దగ్గరికి వెళ్లి పొడిగా చెప్పాడు.

"మామా, సరుకు నా కొట్టుకి తిప్పు. ధర నేను చూసుకుంటాను."

ఎర్రయ్య తలెత్తాడు. "రాయిదిమ్మకి ఆ పాటి మాట సాలేటి, సావుకారూ?"

ఈశ్వరరావు గిరుక్కున తిరిగి తాతబ్బాయి వైపు చూశాడు. అతను కాటా వైపు చూస్తున్నాడు. అబద్ధమాడి వెళ్లడం, పోటీకి కొట్టు పెట్టడం వ్యాపారమని దిగమింగొచ్చు. గడప దాటని మాటను తీసుకెళ్లి ఆ మనిషి చెవిలోనే వేయడం ఏ వ్యాపారం?

"అది... కొట్లో సరదాకి అనుకున్న మాట మామా."

"సరదాయే అనుకుందాం. పోయినేడు మా ఆడమనిషి పోయింది. నెల తిరక్కుండా సరుకు తెచ్చేను. గుండు మీద ఎంట్రుకైనా మొలవలేదు. నీ కొట్లో కూకున్నాను. కుర్సీ ఏసేవు. నీళ్లిచ్చేవు. రేటు సెప్పేవు." ఎర్రయ్య తాతబ్బాయిని చూపించాడు. "ఈడు కాటా కాడికొచ్చి నా సెయ్యి పట్టుకున్నాడు."

ఈశ్వరరావు ఆ రోజు గుండు చూశాడు. సంగతీ తెలుసు. ఇలాంటి మనిషికి ఓదార్పు గిట్టదని, మర్యాద అనుకునే నోరు కట్టుకున్నాడు. ఇప్పుడా మాట ఎలా చెప్పాలో తెలియలేదు. వేరే మాట తోసుకొచ్చింది.

"వాడు పట్టుకుంది బేరానికి మామా! ఆ విద్య వాడికి నేర్పింది నేనే!"

"నాకు తెల్దేటి?" అన్నాడు ఎర్రయ్య, గొంతు పెంచకుండానే. "బేరానికే పట్టుకున్నాడు. అయినా పట్టుకున్నాడు కదా."

కొనుగోలుదార్లు గుంపుగా వచ్చారు. ఎర్రయ్య లేచి వెళ్లి తన దిమ్మల మీద గోనెపట్టా తనే తీశాడు. తాతబ్బాయి పాట ఎత్తాడు. గొంతులో ఆ ఎత్తూ, ధర దగ్గర ఆ చిన్న విరుపూ, అన్నీ ఈశ్వరరావు నేర్పినవే. ఒక్కటీ తప్పు పోలేదు.

అతను వెనక్కి తిరిగేసరికి ఎస్. రాయవరం నుంచి రెండో వ్యాను వస్తోంది. దారికి అడ్డంగా నిలబడ్డ అతన్ని చూసి డ్రైవరు హారన్ కొట్టాడు. ఈశ్వరరావు పక్కకి జరిగి దారి ఇచ్చాడు.