తొంభై అడుగుల లోతు

ఎనిమిది గంటల బస్సుకి కామా ఆరున్నరకే బస్టాండుకి చేరుకుంది. సరస్సుకి పోయే బస్సు ఎక్కడ ఆగుతుందో ముగ్గురిని అడిగింది. ముగ్గురూ ఒకే చోటు చూపించారు. ముగ్గురూ కలిసి పొరబడ్డారేమోనని నాలుగో మనిషిని కూడా అడిగింది. ఆమె సంచిలో రెండు నీళ్ళసీసాలు, గొడుగు, రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు, బీపీ మాత్రలు, పట్టపగలు దేనికో తెలియని టార్చిలైటు ఉన్నాయి. అన్నిటికీ అడుగున నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంది. వారం రోజులు కూర్చుని రాసింది దాన్ని. అందులో ఉన్న సంగతి ఒక్కటే. శనివారం వెళ్ళిపోవద్దు, నా దగ్గర ఉండిపోండి.

శనివారానికి ఇంకా మూడు రోజులే ఉన్నాయి. ఆ రోజు ఎర్రసిరాని ఆమె తమ్ముడు వచ్చి, రైల్లో రాత్రీ పగలూ పోతే వచ్చే తన ఊరికి తీసుకుపోతాడు.

కామా, ఎర్రసిరా అన్నవి తల్లిదండ్రులు పెట్టిన పేర్లు కావు. రాజధానిలోని ప్రభుత్వ ముద్రణాలయంలో ఇరవై తొమ్మిదేళ్ళు ఇద్దరూ ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చున్నారు. చేతిరాత ప్రతిని ఒకరు పైకి చదువుతారు. అచ్చయిన కాగితాన్ని రెండోవాళ్ళు చూసుకుంటూ తప్పులు దిద్దుతారు. చదివేవాళ్ళు కామాలూ ఫుల్‌స్టాప్‌లూ కూడా పైకి చదవాలి. అలా చదివి చదివి ఈమె కామా అయింది. దిద్దే ఆవిడ ఎర్రసిరా అయింది. అసలు పేర్లు హాజరు పట్టీలోనే మిగిలాయి.

నిజానికి కామా అక్కడ చేరింది కాగితాలు మడతపెట్టడానికి. భోజనాల వేళ చిత్తుకాగితాల గుట్ట దగ్గర కూర్చుని కూడబలుక్కుంటూ చదువుతుంటే ఎర్రసిరా కంటబడింది.

“ఎక్కడ నేర్చుకున్నావమ్మాయ్ చదువు?”

“చెత్తబుట్టలోనండి.”

ఎర్రసిరా పడీ పడీ నవ్వింది. మర్నాడే తన బల్ల ఎదుట కూర్చోబెట్టుకుంది. మొదటి రోజే ఒక నియమం చెప్పింది: “కాగితం మీద ఉన్నది చదువు. అది తప్పా ఒప్పా అనేది నీకు అనవసరం. అడగొద్దు.” కామా ఆ మాటని ఆఫీసుకే కాదు, బతుకంతటికీ అన్వయించుకుంది.

ఆమెని విడిచిపోయినవాళ్ళు తక్కువేం లేరు. తల్లిని ఆస్పత్రికి తీసుకుపోయేటప్పుడు కామా పాల కోసం వరసలో నిలబడి ఉంది. భర్త ఒక ఉదయం చొక్కాకి గుండీ లేదని విసుక్కుని, వేరే చొక్కా తొడుక్కుని పనికి పోయాడు. సాయంత్రానికి గుండీ కుట్టి ఉంచింది గాని చొక్కా తొడుక్కునే మనిషి రాలేదు. రైలు కదులుతుంటే చెల్లెలు కిటికీలోంచి ఏదో అన్నది. ఆ గోలలో వినబడక కామా “సరే, సరే” అని తలూపింది. దేనికి సరే అందో ఈ రోజుకీ తెలియదు. వీళ్ళలో ఒక్కరిని కూడా ఆగమని అడగలేదు. అడిగితే ఆగేవారని కాదు. అడగలేదన్నదే గుండెలో రాయిలా ఉండిపోయింది.

ఏడూ యాభైకి ఎర్రసిరా కర్ర తాటించుకుంటూ వచ్చింది. పక్కింటావిడ చెయ్యి పట్టుకుని దింపి వెళ్ళింది. ఎర్రసిరాకి కంటి నరాలు ఎండిపోతున్నాయి. పోయిన చూపు రాదని డాక్టరు చెప్పేశాడు. ఇప్పుడు వెలుగూ నీడా తెలుస్తాయి, మనిషి ఆకారం తెలుస్తుంది, అంతే.

“ఎన్నింటికి వచ్చావ్?” అంది.

“ఇప్పుడేనక్కా.”

“ఇప్పుడంటే ఆరున్నరకా, ఆరింటికా?”

కామా ఆమె చెయ్యి అందుకుంది.

సరస్సుకి పోదామన్నది ఎర్రసిరానే. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ సరస్సు గురించి ప్రభుత్వం వేసిన ప్రకటనలన్నీ వాళ్ళ బల్ల మీదుగానే పోయాయి. గట్ల కొలతలు, పడవల నిబంధనలు, చేపల వేలాలు అన్నీ వాళ్ళకి కంఠస్థమే. చూడటం మాత్రం ఒక్కసారీ పడలేదు. గంటన్నర దూరమే కదా, ఎప్పుడైనా పోవచ్చులే అనుకుంటే అలాగే గడిచిపోయింది. “ఈ కాస్త వెలుగూ ఉండగానే నీళ్ళ మీద ఎండ చూడాలే,” అంది పోయిన వారం.

బస్సు ఊరు దాటేసరికి సగం ఖాళీ అయింది. కామా కాగితం తీద్దామనుకుంది. ముందు సీట్లో ఒకాయన గురక పెడుతున్నాడు, ఆయన లేస్తే బాగుండదని ఊరుకుంది. దిగాక తీద్దామనుకుంది. దిగగానే తిరుగు బస్సు ఎన్నింటికో కనుక్కోవాల్సి వచ్చింది. “నాలుగున్నరకి,” అన్నాడు టికెట్లాయన. “తప్పకుండా వస్తుందా?” “రాకపోతే నేనూ ఇక్కడే పడుకోవాలి తల్లీ.” ఆ మాటతో కొంచెం కుదుటపడింది.

నీళ్ళ దగ్గరికి చేరేసరికి ఎండ బాగా వచ్చింది. ఎర్రసిరా కర్ర మీద రెండు చేతులూ పెట్టి నిలబడింది.

“కనిపిస్తోందా అక్కా?”

“మెరుస్తోంది. దేనికీ అంచుల్లేవు. చాలా బాగుంది.” కర్ర ఎత్తి నీళ్ళవైపు చూపిస్తూ, “ఇక నువ్వు చదువు,” అంది.

కామా అలవాటు గొంతుతో మొదలుపెట్టింది. “ఎదురుగా నీళ్ళు, కామా, అవతలి గట్టున చెట్లు, కామా, ఎడమ వైపు రెండు పడవలు, ఫుల్‌స్టాప్.”

“మూడు. తెడ్డు చప్పుడు మూడు చోట్ల వినిపిస్తోంది.”

కామా తొంగిచూసింది. రెల్లు వెనక మూడోది ఉంది. కళ్ళు లేకపోయినా ఈవిడ దిద్దడం మానదు.

ఆ మూడో పడవవాడే వాళ్ళని ఎక్కించుకున్నాడు. నడివయసు మనిషి, మాటల పోగు. కామా ఒక చేత్తో పడవ అంచునీ, ఇంకో చేత్తో ఎర్రసిరా కొంగునీ పట్టుకుని బిగుసుకుపోయింది.

“భయం లేదమ్మా,” అన్నాడు. “కదలకుండా కూర్చుంటే చాలు. కాకపోతే ఇక్కడ లోతు మాత్రం తొంభై అడుగులు.”

ఇద్దరూ గతుక్కుమన్నారు. 

“ఎంత?” అంది ఎర్రసిరా.

“తొంభై. నా మాట కాదు, సర్కారువాళ్ళ పాత కాగితంలో ఉంది. అద్దం కట్టించి టికెట్ల గదిలో తగిలించారు. దాన్ని చూశాక ఈతకి ఒక్కడు దిగడు.”

ఎర్రసిరా భుజాలు ముందు కదిలాయి. తరవాత నవ్వు బయటికొచ్చింది. పడవ ఊగేలా నవ్వింది. “తొమ్మిది, నాయనా! తొమ్మిదడుగులే! ఆ తొంభై మా తప్పు. అచ్చయి బయటికి పోయాక తెలిసింది, మేమిద్దరం వదిలేసిన ఒకే ఒక్క తప్పు.”

“ఊరుకోండమ్మా, అచ్చులో ఉన్నది అబద్ధమవుతుందా?” అని పడవవాడు చిన్నబుచ్చుకున్నాడు. తాత ముత్తాతల ఆస్తిని ఎవరో కాజేస్తున్నట్టు ముఖం పెట్టి, గబగబా తెడ్డు వేశాడు.

గట్టెక్కి బల్ల మీద కూర్చున్నాక కూడా ఎర్రసిరా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. కామా మాత్రం నవ్వలేదు.

“అక్కా, ఒక మాట. ఆ రోజు నాకు అనుమానం వచ్చింది. చేతిరాతలో తొమ్మిది పక్కన ఉన్నది సున్నాలా లేదు, సిరాచుక్కలా ఉంది.”

“మరి చెప్పలేదేం?”

“అడగొద్దన్నారుగా.”

“ఎవరు?”

“మీరే. మొదటి రోజు.”

ఎర్రసిరా నవ్వు ఆగిపోయింది. “నేనన్నానా? చేరిన కొత్తలో ఏదో అని ఉంటాను. దాన్ని పట్టుకుని ఇన్నేళ్ళు నోరు కుట్టేసుకున్నావా? పిచ్చిదానా, అడగాల్సింది అడక్కపోతే ఎట్లా?”

ఆలస్యం చేస్తే ధైర్యం చల్లారిపోతుందని కామాకి తెలుసు. గుడ్లూ రొట్టే బల్ల మీద పెట్టి, టార్చిలైటు పక్కకి తోసి, కాగితం బయటికి లాగింది. మీకు రాసుకొచ్చాను, చదువుతానంది. గొంతు సవరించుకుంది. పాత బల్ల ముందు కూర్చున్నట్టే నిటారుగా కూర్చుంది.

“అక్కగారికి, కామా, మీకు అభ్యంతరం లేకపోతే, కామా, వీలైతేనే, కామా, శనివారం మీ తమ్ముడుగారితో వెళ్ళకుండా, కామా, నా గదికి వచ్చి ఉండగలరేమోనని మనవి, ఫుల్‌స్టాప్.”

ఎర్రసిరా నీళ్ళవైపే ముఖం పెట్టి వింది. చూపుడువేలితో గాలిలో అడ్డగీత గీసింది.

“‘అభ్యంతరం లేకపోతే’ కొట్టెయ్. ‘వీలైతేనే’ కొట్టెయ్. మనవి ఏంటి మనవి, నేనేమన్నా మంత్రినా? అది కూడా కొట్టెయ్. ఇప్పుడు చదువు.”

కామా మిగిలిన మాటల మీద వేలు పెట్టుకుంది. “వెళ్ళకుండా... నా గదికి రండి.”

“ఇప్పుడు సరిగ్గా ఉంది వాక్యం. విషయమే తప్పు.”

కామా కాగితం దించింది.

“మూడో అంతస్తు నీది,” అంది ఎర్రసిరా మెల్లగా. “నా ఇంట్లో గుమ్మం నుంచి పొయ్యికి ఏడడుగులు. మంచం నుంచి కుళాయికి పదకొండు. అక్కడ నాకు కళ్ళతో పని లేదే. నీ గదికొస్తే గుడ్డిదాన్నవుతాను. తమ్ముడింటికెళ్ళినా అంతే, పాపం వాడు మంచివాడే. వద్దని చెప్పాలంటే ఒంటరిగా ఎట్లా ఉంటావంటాడు, దానికి జవాబు లేక ఊరుకున్నాను. ఉండాలని అంతగా ఉంటే నువ్వే రా. ముందుగది ఖాళీగానే ఉంది.”

ఇది కామా అనుకోనిది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తను ఉంటున్న గది అది. కిటికీలోంచి బస్సుల షెడ్డు కనిపిస్తుంది, ఏ బస్సు ఎప్పుడు ఇల్లు చేరిందో చూసుకుని గాని పడుకోదు. తలుపు వెనక మేకు, గోడ మీద నదిలా పాకిన బీట, చిత్తుకాగితాలు తనే కుట్టుకుని అట్టలు వేసుకున్న పుస్తకాలు. వెళ్ళిపోయినవాళ్ళెవరైనా తిరిగొస్తే అక్కడికే కదా రావాలి! అందరూ ఆమెని విడిచి వెళ్ళారు. తను దేన్నైనా విడిచి వెళ్ళడం ఎలాగో ఆమెకి తెలియదు.

“ఇప్పుడే చెప్పక్కర్లేదులే,” అంది ఎర్రసిరా. “గుడ్డు వలిచి ఇటివ్వు.”

తిన్నారు. గాలి తిరిగింది. కామా కాగితాన్ని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. అవతలి గట్టున ఎవరో బట్టలు ఆరేశారని, ఒక కొంగ అరగంట నుంచీ ఒంటికాలి మీదే ఉందని చదివి చెప్పింది. రెండో కాలు ఉందో లేదో చూడమంది ఎర్రసిరా.

మూడున్నరకే కామా లేచి బస్సు ఆగేచోటికి పోదామంది. అక్కడ అరుగు మీద కూర్చుని ఉండగా ఎర్రసిరా ఫోను మోగింది. తమ్ముడు. గొంతు పెద్దది, ఫోను చెవికి ఆనించుకున్నా పక్కకి వినిపిస్తోంది.

“శనివారం రావద్దురా,” అంది ఎర్రసిరా. “నేను ఇక్కడే ఉంటాను.”

“అదేంటక్కా, చివరి నిమిషంలో! సామాన్లకి వ్యాన్ కూడా మాట్లాడేశాను. అయినా అక్కడ నీకెవరున్నారు?”

ఆ జవాబు చెప్పాల్సింది ఎర్రసిరా కాదు. అలాగని ముఖం కామా వైపు తిప్పలేదు.

“అక్కా? లైన్లో ఉన్నావా? ఎవరున్నారంటున్నా?”

కామా చెయ్యి చాచి ఫోను తీసుకుంది. ఎవరి చేతిలోంచైనా ఏదైనా అడక్కుండా తీసుకోవడం అదే మొదటిసారి.

“బాబూ, నేను, ఆఫీసులో అక్కతో పనిచేసినదాన్ని. ఆ వ్యాన్ వద్దని చెప్పకండి. శనివారం పొద్దున్నే పంపించండి.”

“అంటే... అక్క వస్తుందా, రాదా?”

“అక్క సామాను కాదండీ. నాది. మూడో అంతస్తులోంచి దించాలి, కాస్త గట్టివాళ్ళని పంపండి. ఒక మంచం, ఒక బల్ల, నాలుగు పెట్టెల పుస్తకాలు...”

“అయిదు,” అంది ఎర్రసిరా పక్కనుంచి. “మంచం కింద ఉన్నది మర్చిపోయావ్.”

“అయిదు పెట్టెలు,” అంది కామా ఫోన్లో. “రాసుకున్నారా? ఏదీ, ఒకసారి చదవండి.”